కదలనివి కదిలే నగరం

సందేహం: ‘అర్బన్ ఫాంటసీ’ నవలలు, అంటే మామూలు నగరంలోనే వింతలు జరిగే కథలు, విపరీతంగా చదువుతాను. మిత్రులకు చెప్పేటప్పుడు ‘పట్టణ ఊహాత్మక నవల’ అంటున్నాను. సరేనా? ‘గంధర్వనగర నవల’ అంటే ఇంకా బాగుంటుందా?

సమాధానం: ముందు ఆ ‘ఊహాత్మక’ను దించెయ్యండి. ఊహే స్వరూపంగా గలది ఊహాత్మకం. ఆ లెక్కన ఊహాత్మకం కాని నవల ఏది? బరువుగా వినబడాలని ప్రతి మాటకూ ‘ఆత్మక’ తగిలించడం ఈమధ్య జాడ్యంలా పట్టుకుంది. పట్టణంతో నాకు పేచీ లేదు గాని, నగరం ఉండగా అదెందుకు?

నగరం సంగతి వినండి. ‘న గచ్ఛతి’, కదలదు గనుక నగం. చెట్టూ నగమే, కొండా నగమే. పాణిని వ్యాకరణ సూత్రాలకు అనుబంధంగా వచ్చిన ‘నగపాంసుపాండుభ్యశ్చ’ అన్న వార్తికం దీనికి ‘ర’ ప్రత్యయం చేర్చింది. పాంసువు, అంటే దుమ్ము, గలది పాంసురమైనట్టే నగాలు గలది నగరమైంది. ఊళ్లో కొండలేవయ్యా అంటే, కొండలంత మేడలున్నాయి కదా అని వ్యాఖ్యాతలు సర్దిచెప్పారు. ఆధునిక భాషావేత్తలంతా దీన్ని ఒప్పుకోరు. నేను మాత్రం వదులుకోను. మీ నవలల రుచంతా అందులోనే ఉంది మరి! రోజూ ఎక్కే లిఫ్టులో లేని అంతస్తుకు ఓ మీట కనబడుతుంది. వీధి చివరి విగ్రహం అర్ధరాత్రి మెడ తిప్పుతుంది. ఇదే ఏడు సముద్రాల అవతల జరిగితే ‘ఆఁ, సరేలే’ అనుకుంటాం. మనం ఎక్కిదిగే మెట్ల మీద జరిగితే మర్నాడు ఆ మెట్లు లెక్కపెట్టుకుంటాం. కదలనని పేరులోనే పూచీపడ్డది కదిలింది కదా!

గంధర్వనగరం అందుకే కుదరదు. ఆకాశంలో మేడలున్నట్టు తోచి చెదిరిపోయే భ్రాంతి అది. అద్వైతాచార్యులు గౌడపాదులు తమ కారికల్లో (శ్లోకాల్లో) దాన్ని స్వప్నం, మాయల సరసన కూర్చోబెట్టింది లేనిదానికి ఉపమానంగానే. మీ నవలల్లో నగరం ఉన్నదే, టికెట్టు కొని తిరిగేదే. వచ్చిచేరింది వింత. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కావ్యంలోని ద్వారక చూడండి: కింద తోటలో కలభాషిణి ఉయ్యాలూగుతుంటే పైన రంభానలకూబరుల విమానం పోతుంది. ఊరు ఊరే, విమానం విమానమే.

ఫాంటసీకి మూలమైన గ్రీకు మాటకు ‘కనబడటం’ అని అర్థం. మన ‘ప్రభ’కు దూరపు చుట్టం.

ఇక పేరంటారా, ‘నగరాద్భుత నవల’ అనవచ్చు. ఏదో గొప్ప కట్టడం గురించి కాబోలని పొరబడేవారుంటారు. ‘నగరమాయ’ చెవికి ఇంపే గాని, మాయ అనగానే మోసం తోస్తుంది. అర్బన్ ఫాంటసీ అనే అన్నా నాకు కోపం లేదు. ‘ఊహాత్మక’ అనకండి, చాలు.