మిద్దెతోట – మీ ప్రశ్నలు: పూత రాలుతోందని ఎరువు పెంచకండి

ప్రశ్న: మేడ మీద గ్రో బ్యాగుల్లో టమాటా వేశాను. ఫిబ్రవరి దాకా బాగా కాసింది. ఉగాది దాటాక పూత గుత్తులు గుత్తులుగా వస్తోంది కానీ అంతా రాలిపోతోంది. ఆకు మాత్రం ఏపుగా ఉంది. ఎరువు చాలలేదేమోనని వర్మీకంపోస్టు, డీఏపీ వేశాను. పూటపూటా నీళ్లు పోస్తున్నా. చాలా టెన్షన్‌గా ఉంది. ఎండకు ఆగే రకం ఏదైనా చెబుతారా?
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: ముందు ఎరువు ఆపేయండమ్మా. ఆకు ఏపుగా ఉందని మీరే రాశారు, అంటే మొక్కకు తిండి తక్కువ కాలేదు. డీఏపీలో 18 శాతం నత్రజనే. అది ఎక్కువైతే ఆకులు, కొమ్మలు పెరుగుతాయి, పూత ఇంకా రాలుతుంది.

అసలు కారణం వేడి. పగటి ఎండ గురించే అందరూ అనుకుంటారు కానీ టమాటాను ఎక్కువ దెబ్బతీసేది రాత్రి ఉక్క. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కంటే కిందికి దిగకపోయినా పుప్పొడి చచ్చుబడుతుంది, కాయ కట్టదు. కాయ కట్టని పువ్వును మొక్క తానే వదిలేస్తుంది. రాలిన పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. కాడ మధ్యలో చిన్న కణుపులాంటిది ఉంటుంది, సరిగ్గా అక్కడే తెగి ఉంటుంది. పురుగు కొరికిన గాటు ఉండదు. మేడ మీద ఇంకో ఇబ్బంది, పగలు కాగిన స్లాబు రాత్రంతా సెగలు కక్కుతుంది. వేసవిలో మన బజార్లకు మదనపల్లె టమాటా అంత ఎక్కువగా రావడానికి ఒక కారణం కూడా ఇదే. ఆ ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, మన ఊళ్లతో పోలిస్తే రాత్రి చల్లబడుతుంది.

ఇక రకాలు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా సదాబహార్, పూసా హైబ్రిడ్-1 రాత్రి వేడిలోనూ కాయ కట్టే రకాలు. పూసా హైబ్రిడ్-1 రాత్రి 28 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అర్క రక్షక్ కూడా వేసవి రకమేనని చాలామంది అనుకుంటారు. దాని అసలు బలం ఆకుముడత వైరస్, వడలు తెగులు, ఆకుమాడు తెగులు తట్టుకోవడం. ఎండాకాలంలో తెల్లదోమ ఆకుముడతను తెస్తుంది కాబట్టి దాన్నీ కాదనను. కానీ నన్ను ఒక్కటే చెప్పమంటే చెర్రీ టమాటా అంటాను. మా ఖమ్మం మేడ మీద పెద్దకాయ రకాలు ఆగిపోయిన తర్వాత కూడా అది నాలుగు కాయలు ఇస్తూనే ఉంటుంది, చారుకు సరిపోతాయి. ఏ రకమైనా 44 డిగ్రీల్లో విరగకాస్తుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి.

రకం కన్నా నాటే కాలం ముఖ్యం. సంక్రాంతి తర్వాత నారు పోస్తే పూత సరిగ్గా ఎండల్లోకే వస్తుంది. నవంబరులో పోయండి, మార్చి లోపలే కాపు చేతికొస్తుంది.

ఇప్పుడున్న మొక్కల సంగతి. బ్యాగుల కింద ఇటుకలు పెట్టి స్లాబుకు ఎడం చేయండి. 50 శాతం షేడ్ నెట్ కట్టండి, పడమటి వైపు తప్పకుండా దించండి. మట్టి మీద ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ మందంగా పరవండి. నీళ్లు లెక్క ప్రకారం పోయొద్దు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, తడి తగిలితే మానేయండి. ఉదయం పూట పూగుత్తి కాడను వేలితో మెల్లగా మీటితే పుప్పొడి రాలి, బతికున్న పువ్వులైనా కాయ కడతాయి. పూత నిలిపే హార్మోన్ మందు ఇంటి తోటకు నేను చెప్పను, మోతాదు మించితే ఆకులు మెలితిరుగుతాయి. మే నెలలో ఎలాగూ కాపు ఉండదు కాబట్టి ముదురు కొమ్మలు కత్తిరించి మొక్కను బతికించుకోండి. మృగశిర చినుకులు పడి రాత్రులు చల్లబడితే కొత్త చిగురు మీద మళ్లీ పూత నిలుస్తుంది.

ప్రశ్న: కాయ అడుగున నల్లటి మచ్చ వచ్చి కుళ్లుతోంది. తెగులా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తెగులు కాదండీ, కాయకు కాల్షియం అందకపోవడం. మట్టిలో సున్నం ఉన్నా, ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తితే అది కాయ దాకా చేరదు. తడి ఒకే తీరుగా ఉంచండి. మచ్చపడిన కాయలు కోసేయండి, అవి బాగుపడవు.

ప్రశ్న: ఏప్రిల్‌లో మా టమాటాలు పసుపు, నారింజ రంగులోనే ఆగిపోతున్నాయి. పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిక్షేపంగా వండుకోండి. 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారు కాదు, పసుపు రంగే మిగులుతుంది. ఇకమీదట కాయ అడుగున రంగు తిరగడం మొదలవగానే కోసి, ఇంట్లో నీడపట్టున బుట్టలో ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, అక్కడ పండవు.