రెండేళ్లలో మూడు మానిటర్లు పోయాయి, సీపీయూ మాత్రం బానే ఉంది, ఎందుకంటారు?

మూడోది కూడా పోయిందంటే ఇక మానిటర్‌ని తిట్టుకోవడం ఆపి కరెంటు చూడండి ముందు. సీపీయూ యూపీఎస్ మీద ఉండి మానిటర్ డైరెక్టుగా గోడ ప్లగ్గుకి పెట్టారేమో? మాకు భీమవరం పక్కన అదే జరిగిందండి, రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) వేసినప్పుడల్లా ఇంట్లో ఫ్యాను స్పీడు మారేది, మామూలే కదా అని వదిలేశాం. మానిటర్లు ఎక్కువగా 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసేవే కాబట్టి లో వోల్టేజీకి అంత తేలిగ్గా పోవు, అసలు భయం న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) లూజైతేనే, త్రీ ఫేజ్ లైనులో అయితే 230 రావాల్సిన చోట 300 దాటి కూడా వచ్చేస్తుంది. దీనికి స్పైక్ గార్డు పనికిరాదు, అది క్షణంలో వచ్చిపోయే దెబ్బకే.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టించండి, లోడు మీద కూడా రెండు మూడు వోల్టులు మించకూడదు. మా మీటర్ బోర్డులో న్యూట్రల్ స్క్రూ పచ్చగా చిలుం పట్టి, వేలితో తిప్పితే తిరిగేంత లూజుగా ఉందట, చూసి ఆయనే నవ్వాడు.

పోయినవి పాత సామాన్లకి వేసేయకండి, మెకానిక్‌తో విప్పించండి, పవర్ బోర్డు మీద కెపాసిటర్ తల ఉబ్బి ఉంటే అది మారిస్తే చాలాసార్లు వెలుగుతుంది. మీరు మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకినా లోపల ఛార్జ్ ఉంటుంది.