తడి ఇసుకలో గోల పెట్టే డిటెక్టర్ గురించి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

లోహాల్ని వెతికే నీ మెటల్ డిటెక్టర్ మిషన్ పొడి ఇసుకలో బుద్ధిగా ఉండి, తడిలోకి దిగగానే గోల పెడుతోందన్నావు. అది చెడిపోలేదు, వెనక్కి పంపకు. మన విశాఖ, భీమిలి ఒడ్డున దానికి రెండు తలనొప్పులు. ఒకటి ఉప్పునీళ్లు, కరెంటు పారనిస్తాయి. రెండోది ఇనుప ఖనిజాలైన ఇల్మనైట్, మాగ్నటైట్ కలిసిన నల్ల ఇసుక. పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకలో తిప్పు, గడ్డంలా అంటుకొస్తుంది. నీది ఒకే తరంగంతో వెతికే సింగిల్ ఫ్రీక్వెన్సీ మిషన్. ఉప్పుకి గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల కూతని మిషన్ పట్టించుకోకుండా సర్దడం) కుదిర్చితే నల్ల ఇసుక అరుస్తుంది, నల్ల ఇసుకకి కుదిర్చితే ఉప్పు అరుస్తుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ లాంటి మల్టీ ఫ్రీక్వెన్సీవి రెండింటినీ ఒకేసారి లెక్కేస్తాయి. చిన్న చిన్న కరెంటు దెబ్బలతో వెతికే పల్స్ ఇండక్షన్ రకానికి ఉప్పు పెద్ద అడ్డు కాదు గానీ, మేకుకీ ఉంగరానికీ తేడా సరిగ్గా చెప్పలేక తవ్వించి చంపుతుంది.

ప్రస్తుతానికి ఉన్నదాంతోనే కానివ్వు. లోహం లేని చోట కడ్డీ చివరి గుండ్రటి పళ్లేన్ని, అంటే కాయిల్‌ని నేలకి రెండంగుళాల నుంచి అడుగు ఎత్తు దాకా పైకీ కిందకీ ఆడిస్తూ బ్యాలెన్స్ చెయ్యి. ఆ తర్వాత సెన్సిటివిటీ (చిన్న సంకేతాన్నీ పట్టే గుణం) ఒక్కో మెట్టూ దించుతూ గోల ఆగినచోట ఆపు. సగానికి వచ్చినా బెంగపడకు. ఇలాంటి నేల మీద సెన్సిటివిటీ పెంచితే లోతు పెరగదు, మిషన్ ఇసుకనే వింటూ కూర్చుంటుంది. తడీ పొడీ కలిసే గీత మీద వెతకకు, ఏదో ఒక పక్కకే ఉండు. అల కాయిల్ మీద నుంచి పారుతుంటే వచ్చే కూతని నమ్మకు. కేబుల్ వదులుగా ఊగినా దొంగ కూతలొస్తాయి, కడ్డీకి బిగించి చుట్టు. ఊపు నేలకి సమానంగా, రెండు మూడు సెకన్లకి ఒక వైపు దాటేలా ఉండాలి. చివర్లలో కాయిల్ పైకి లేపే అలవాటు అందరిదీ, లోతు పోయేది అక్కడే.

డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాల కూతని మూయించడం) జోలికి ఎక్కువ వెళ్లకు. సన్న ఉంగరానికీ, సిగరెట్ పెట్టెలో రేకుకీ, బీరు డబ్బా రింగుకీ మిషన్ తెర మీద దాదాపు ఒకే నంబర్లొస్తాయి. రేకు వద్దని నొక్కితే బంగారమూ పోతుంది. ఉప్పు కూతని నంబరుతో కోసేసినా సన్న గొలుసులు దానితోపాటే పోతాయి. విదేశీ వీడియోల్లో చెప్పని సంగతి ఇంకోటుంది: మన ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలువి, అయస్కాంతానికి అంటుకుంటాయి. ఇనుముని పూర్తిగా మూసేస్తే అవీ పోవచ్చు.

అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు బాగా వెనక్కి పోతుంది. ఆటు అడుగంటడానికి రెండు గంటల ముందే దిగు. తుఫాను కోసిన ఇసుక గట్టు అడుగున చూడు. వలల సీసం గుళ్లు ఒక వరసలో దొరికాయంటే అక్కడే నిలబడు, బరువైనవన్నీ అల ఒకే చోట చేరుస్తుంది. ఉంగరమైతే అక్కడే ఉంటుంది. మోకాలి లోతు దాటకు, సముద్రానికి వీపు పెట్టకు. ఇసుక తోడే స్కూప్‌ని కూత వచ్చినచోట నేరుగా దించకు, జానెడు వెనక నుంచి పొడువు, లేకపోతే దొరికేదాని మీద గీత పడుతుంది. గొయ్యి పూడ్చే కదులు.

ఒడ్డు వదిలి ఎర్ర నేల మీదికి వెళ్తే పదకొండు అంగుళాల కాయిల్ తీసి ఆరంగుళాలది తగిలించు, అది చూసే మన్ను తక్కువ. ఇరవై ముప్పై అడుగులకోసారి మళ్లీ బ్యాలెన్స్ చెయ్యి. ఇనుప గుణమున్న రాయి అరిస్తే కాయిల్‌ని నాలుగంగుళాలు ఎత్తు. రాయి కూత చప్పున ఆగుతుంది, లోహానిది మెల్లగా తగ్గుతుంది. రక్షిత స్థలాలైన ఎర్రమట్టి దిబ్బలు, బౌద్ధ క్షేత్రాలైన తొట్లకొండ, బావికొండ వైపు మాత్రం మిషన్ పట్టుకుని కనిపించకు. పాతిన సొత్తు దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి నిధుల చట్టం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పోటు గీతకి పైన ఆలివ్ రిడ్లే తాబేళ్ల గూళ్లుంటాయి, అడుగున్నర లోపే గుడ్లు. మెత్తగా కదిలిన ఇసుక కనబడితే కూత వచ్చినా వదిలెయ్యి.

ఇంటికొచ్చాక కాయిల్ మూత ఊడదీసి మంచినీళ్లతో కడుగు, మూత లోపల చిక్కిన నల్ల ఇసుక కూడా కూతలు పెట్టిస్తుంది. నీటిలో ఆగే రకం కాకపోతే కంట్రోల్ బాక్స్‌ని తడి గుడ్డతో తుడువు, చాలు. మిషన్ మోడలూ, ఎన్ని కిలోహెర్ట్జో రాయి, సెట్టింగులు చూసి చెప్తాను.

మీ మావయ్య