చిన్ని అడిగితే ఏం చెప్పాలంటే

చిత్తూరు,
డిసెంబరు 8

అమ్మీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. బళ్లో ఎవరో పిల్ల "క్రిస్మస్ తాత ఉత్తదే, బొమ్మలు మీ అమ్మే కొంటుంది" అన్నదట. అప్పట్నుంచి చిన్ని నిన్ను అడుగుతూనే ఉందట. ఆ నమ్మకం పోకూడదని నువ్వు మీ తమ్ముడికి వేషం కట్టించి 24 రాత్రి ఇంటికే రప్పిస్తున్నావట. ఆఫీసు, ఇద్దరు పిల్లలు, చర్చిలో పాటల ప్రాక్టీసు, వీటన్నిటి మధ్య బిడ్డ సంతోషానికి ఇంత తాపత్రయపడుతున్నావంటే గర్వంగా ఉంది. దిగులుగానూ ఉంది, అందుకే రాస్తున్నా.

అన్నిటికంటే ముందు గడ్డం సంగతి. దూది గడ్డం, కొవ్వొత్తి ఒకే గదిలో ఉండకూడదు. దూది గుప్పున అంటుకుంటుంది. నైలాన్ గడ్డమైతే కరిగి చర్మానికి అతుక్కుంటుంది, అది ఇంకా ప్రమాదం. ఆ రాత్రి కొవ్వొత్తులన్నీ ఆర్పేసి బ్యాటరీ దీపాలు పెట్టు. ముఖమంతా కప్పే ప్లాస్టిక్ ముసుగు కొనొద్దు. కంటి రంధ్రాలు చిన్నవి కాబట్టి కాళ్ల దగ్గర ఏముందో కనబడదు, మెట్ల మీద పడతాడు. పైగా మూడేళ్ల బుడ్డోడు ఆ ముఖం చూసి జడుసుకుంటాడు. బొమ్మల్లో బిళ్ల బ్యాటరీ ఉంటే దాని మూతకు స్క్రూ ఉందో లేదో కొనేముందే చూడు. పిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. కాగితం చుట్టడం, దాచడం నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. మన ఇళ్లల్లో ఎప్పట్నుంచో జరుగుతున్న తప్పు ఒకటుంది, అది నీ ఇంట్లో జరగకూడదు. తాత వేషం వేసినాయన ఎర్రకోటు, టోపీ, గడ్డం, భుజాన మూటతో వస్తాడు. పెద్దవాళ్లు ముఖం చూస్తారు. పిల్లల కళ్లు చేతుల దగ్గరా, కాళ్ల దగ్గరా ఉంటాయి. వేలికున్న ఉంగరం, గడియారం బెల్టు, బొటనవేలి దగ్గర తెగితే కుట్టించుకున్న తోలు చెప్పు. చాక్లెట్ అందుకుంటూనే పిల్ల గుర్తుపట్టేస్తుంది. "మామా!" అంటుంది. అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒక్కటైపోతారు. "మామ కాదు, మామ ఊరికెళ్లాడు." "చెప్పులు అందరికీ అట్లాంటివే ఉంటాయి." "తాతను అట్లా అనకూడదు, వెళ్లిపోతాడు." పిల్ల ఇంకోసారి చెప్పు చూస్తుంది, మన ముఖాలు చూస్తుంది, నోరు మూసుకుంటుంది. అది నమ్మడం కాదమ్మీ. తన కళ్లతో చూసిందాన్ని మనకోసం దిగమింగుకోవడం. ఏడాది తర్వాత ఆ ముచ్చటే చుట్టాల ముందు చెప్పి పగలబడి నవ్వుతారు. తాత లేడని తెలిసినందుకు ఏ పిల్లా అంత బాధపడదు. ఇంతమంది కలిసి తనను వెర్రిదాన్ని చేశారని తెలిసినప్పుడే గుచ్చుకుంటుంది. చూసింది చూశానని గట్టిగా చెప్పే ధైర్యం ఆడపిల్లకు రేపు ఎన్నిచోట్ల కావాలో నీకు నేను చెప్పక్కర్లేదు. అది మన చేత్తో మనమే తుంచేస్తామా?

అందుకే వేషం కట్టించు, కానీ బుడ్డోడి కోసం, వేడుక కోసం కట్టించు. చిన్నిని నమ్మించడానికి మాత్రం వద్దు. పిండితో అడుగుల ముద్రలు వేయడం, తాత పేరుతో జాబులు రాయడం ఇక మానెయ్. అనుమానం వచ్చిన బిడ్డకు సాక్ష్యాలు పెంచుకుంటూ పోతే, తర్వాత ఒక్కొక్కటీ అబద్ధంగా లెక్కలోకి వస్తుంది.

చిన్ని అడిగినప్పుడు వెంటనే జవాబివ్వకు. "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకో. "ఉన్నాడనే అనిపిస్తోంది" అంటే ఆమెకు ఇంకా కొన్నాళ్లు కావాలి, వదిలెయ్. "మన ఇంటికి పొగగొట్టం లేదు కదా, ఎట్లా వస్తాడు?" అంటే లెక్క వేసుకుంటోంది, వేసుకోనీ. "అమ్మా, నిజం చెప్పు" అంటే మాత్రం చెప్పెయ్. 1897లో న్యూయార్క్‌లో ఎనిమిదేళ్ల పిల్ల ఒక పత్రికకు ఇదే ప్రశ్న రాస్తే, శాంటా ఉన్నాడంటూ సంపాదకీయం వేశారు. దాన్ని ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటారు. ఆ పిల్ల అడిగింది మాత్రం నిజం చెప్పమని.

చెప్పేటప్పుడు మొత్తం చెప్పు. ఈ తాత కథకు మూలమైన నికొలస్ అనే ఆయన నిజంగా ఉండేవాడు, నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని మైరా ఊరి బిషప్పు. కట్నం ఇవ్వలేని ఒక తండ్రికి ముగ్గురు కూతుళ్లుంటే, రాత్రిపూట వాళ్ల ఇంట్లోకి బంగారు మూటలు వేసి పోయాడని చెప్పుకుంటారు. డిసెంబరు 6 ఆయన పండుగ. ఎనిమిది రెయిన్‌డీర్ల బండి 1823లో అమెరికాలో అచ్చయిన ఒక పద్యంతో ఊరూరా పాకింది. మనకు తెలిసిన ఆ బొద్దు రూపం 1863 నుంచి థామస్ నాస్ట్ అనే అమెరికా కార్టూనిస్టు గీసిన బొమ్మలతో స్థిరపడింది. కట్నం మాట చిన్నికి బాగా అర్థమవుతుంది, మన చుట్టూ చూస్తూనే ఉంది కదా.

తర్వాతి ప్రశ్న "యేసయ్య కూడా ఇంతేనా?" అని వస్తుంది. నాకు అన్నిటికంటే భయం ఇదే. "తాత పైనుంచి చూస్తుంటాడు, అన్నం తినకపోతే బొమ్మ ఇవ్వడు" అని ఇంట్లో ఎవరూ అనకూడదని ఇన్నేళ్లూ నేను పోరింది ఇందుకే. అన్నీ చూసేవాడు, మంచీచెడూ లెక్కపెట్టేవాడు అని ఇద్దరి గురించీ ఒకే మాటలు చెబితే, ఒకరు పోయిన రోజు రెండోవారూ కదులుతారు. తాత మనం ఆడుకున్న ఆట, ప్రార్థన ఆట కాదు అని సూటిగా చెప్పు. కసురుకోకు.

అది అయ్యాక బిడ్డను ఇచ్చేవాళ్ల వైపుకి తెచ్చుకో. నూట యాభై రూపాయలు చేతిలో పెట్టు. మీ వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయన మనవడికి ఏం అవసరమో రెండు రోజులు గమనించి తననే కనిపెట్టమను. గాంధీ రోడ్డుకి తీసుకెళ్లి తనతోనే కొనిపించు, పేరు రాయకుండా పొద్దున్నే వాళ్ల గుమ్మం దగ్గర పెట్టించు. ఇక్కడ చెడగొట్టేది పిల్లలు కాదు, మనమే. ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టామంటే ఆ గుట్టంతా పోయినట్టే. బుడ్డోడికి చెప్పకుండా దాచే బాధ్యత కూడా చిన్నికే అప్పగించు. నోరు జారితే తిట్టకు.

నువ్వు మాత్రం ఏడుస్తావు, నాకు తెలుసు. 1994లో అమెరికాలో 52 మంది పిల్లలతో మాట్లాడి చూశారు. వాళ్లు ఎక్కువగా ఏడేళ్ల ప్రాంతంలో తమంతట తామే తెలుసుకున్నారు, సంతోషంగానే తీసుకున్నారు. దిగులుపడింది అమ్మానాన్నలే. ఏడిస్తే ఏడువు, ఆమె ముందు మాత్రం వద్దు. తను పెరగడమే తప్పనుకుంటుంది.

నిప్పట్లు, కజ్జికాయలు చేసి పెట్టా. శనివారం మీ నాన్న ఇటు వస్తే ఇచ్చి పంపిస్తా. చిన్ని అడిగిన రోజు ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త