బిల్లు కొట్టడం వచ్చు, పంపడం రాదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. బీకాం కంప్యూటర్స్ పూర్తయింది. మూడు నెలలు ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నాను. ఎంట్రీలు, జీఎస్టీ బిల్లులు బాగానే వచ్చు. భీమవరంలో రొయ్యల మేత డీలర్ దగ్గర అకౌంటెంట్ ఉద్యోగానికి వెళ్తే సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, ‘ఈ బిల్లు పీడీఎఫ్ పార్టీకి మెయిల్లో వెళ్లేలా సెట్ చెయ్యండి’ అన్నారు. వాళ్లిచ్చిన పాస్‌వర్డే కొట్టాను, తప్పు అని వచ్చింది. ఏం చెయ్యాలో తోచలేదు. నాన్నగారు ఇంకో కోర్సులో చేరమంటున్నారు. చేరమంటారా?

జవాబు: దీనికోసం ఇంకో కోర్సుకు డబ్బు కట్టనక్కర్లేదండి. వారం రోజుల తీరిక, ఓ కంప్యూటర్, మీవే రెండు మెయిల్ ఐడీలు ఉంటే చాలు. కోచింగ్ సెంటర్లలో ఓచర్ ఎంట్రీతో మొదలుపెట్టి బ్యాలెన్స్ షీట్ దగ్గర ఆపేస్తారు. బిల్లు తెర మీద కనబడితే పాఠం అయిపోయినట్టే. కొట్లో పని అక్కడ మొదలవుతుంది. ఆ బిల్లు పార్టీకి, అంటే సరుకు కొన్నవారికి చేరాలి, చేరిందో లేదో తెలియాలి, చేరకపోతే ఎందుకు చేరలేదో మీరు చెప్పగలగాలి. ఎంట్రీలు వచ్చినవాళ్లు మన జిల్లాల్లో వీధికి పదిమంది ఉన్నారు. ఈ రెండో పని తెలిసినవాళ్లు తక్కువ, మిమ్మల్ని అడిగింది అందుకే.

బిల్లులన్నీ వాట్సాప్‌లోనే తిరుగుతుంటే మెయిల్ ఎవరిక్కావాలి అనిపించవచ్చు. చెరువు రైతుకు వాట్సాపే సుఖం, కాదనను. ప్రాసెసింగ్ ప్లాంటు, ఎగుమతిదారు, బ్యాంకు, ఆడిటరు గారు మాత్రం మెయిలే అడుగుతారు. ఆరు నెలల తర్వాత బాకీ తకరారు వచ్చినప్పుడు ఏ తేదీన ఏ బిల్లు వెళ్లిందో వెతికి తీయడానికి అదే వీలు.

ముందు మీకొచ్చిన తప్పు సంగతి చూద్దాం. పాస్‌వర్డ్ సరైనదే అయ్యుంటుంది. కానీ జీమెయిల్ మామూలు పాస్‌వర్డుతో బయటి సాఫ్ట్‌వేర్‌ను లోపలికి రానివ్వడం గూగుల్ 2022 మే 30 నుంచి ఆపుతూ వచ్చింది. ఇప్పుడు ట్యాలీ లాంటి వాటికి ‘యాప్ పాస్‌వర్డ్’ అని విడిగా ఒకటి తీసుకోవాలి. దానికి ముందు గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కిందికి వెళ్లి టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డుతో పాటు ఫోన్ ద్వారా కూడా సరిచూసే పద్ధతి) ఆన్ చెయ్యాలి. అది ఆన్ కాకుండా యాప్ పాస్‌వర్డ్ పేజీ తెరుచుకోదు. ఆ పేజీలో ‘ట్యాలీ ఆఫీస్ సిస్టమ్’ అని ఏదో గుర్తుండే పేరు పెడితే 16 అక్షరాలు చూపిస్తుంది, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలుగా. మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టండి. కిటికీ మూసేశాక అది మళ్లీ కనబడదు. కంగారు పడనక్కర్లేదు, పాతది తీసేసి కొత్తది పుట్టించుకోవచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఓనర్ గారు తన జీమెయిల్ అసలు పాస్‌వర్డ్ మార్చారంటే యాప్ పాస్‌వర్డులన్నీ ఆ క్షణంలోనే రద్దయిపోతాయి. ‘నిన్నటిదాకా వెళ్లాయి, ఇవాళ పొద్దున్నుంచి వెళ్లట్లేదు’ అని ఎవరైనా అంటే మీరు వేయాల్సిన మొదటి ప్రశ్న, ‘రాత్రి ఫోన్లో పాస్‌వర్డ్ ఏమైనా మార్చారాండీ?’

ఇక సెట్టింగ్. ట్యాలీ మెయిల్ రాస్తుందే గానీ మోసుకెళ్లదు. మోసే పని మెయిల్ సర్వర్‌ది. కాబట్టి ట్యాలీకి నాలుగు సంగతులు చెప్పాలి: సర్వర్ చిరునామా, ఏ పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు), సందేశం ఎలా మూసి పంపాలి, ఎవరి పేరుతో లోపలికి వెళ్లాలి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్ కీ పట్టుకుని ఎం నొక్కితే ఈ-మెయిల్ మెనూ వస్తుంది, అందులో కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లండి. వెర్షన్‌ను బట్టి గడుల పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి గానీ అడిగేది ఇవే. జీమెయిల్ అయితే సర్వర్ ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్. పోర్టు 465 పెడితే మొదటి నుంచీ తాళం ఉంటుంది, దాన్ని ఎస్ఎస్ఎల్ అంటారు. 587 పెడితే మామూలుగా మొదలై తర్వాత తాళం పడుతుంది, దాన్ని స్టార్ట్‌టీఎల్ఎస్ అంటారు. పోర్టుకూ ఎస్ఎస్ఎల్ గడికీ జత కుదరకపోతే తెర అలా తిరుగుతూనే ఉండి చివరికి కనెక్షన్ కుదరలేదంటుంది. యూజర్ నేమ్ గడిలో పూర్తి మెయిల్ ఐడీ కొట్టాలి, ఎట్ గుర్తుకు ముందు భాగం ఒక్కటే సరిపోదు. ‘ఫ్రం’ గడిలో సంస్థ పేరు ఏదైనా పెట్టుకోండి. మెయిల్ ఐడీ మాత్రం లాగిన్ అయినదే ఉండాలి. వేరేది రాస్తే జీమెయిల్ తనే మార్చేస్తుంది.

ఈ నాలుగూ పట్టుబడితే ‘బిజీ’ అనే ఇంకో లెక్కల సాఫ్ట్‌వేర్ ఇచ్చినా, ఇంకోటి ఇచ్చినా మీకు కొత్తగా ఉండదు. గడులు వేరే చోట ఉంటాయి, అంతే. ఇంటర్నెట్‌లోనే నడిచే జోహో బుక్స్ లాంటివాటిలో మెయిల్ వాళ్ల సర్వర్ నుంచే వెళ్లగలదు, ఈ తంటా ఉండదు.

తర్వాత పార్టీ లెడ్జర్, అంటే ట్యాలీలో ఆ పార్టీ పేరున ఉండే ఖాతా. అక్కడి మెయిలింగ్ వివరాల్లో ఈ-మెయిల్ ఐడీ నింపి ఉంటే ‘టూ’ గడి దానంతటదే నిండుతుంది. ఖాళీగా ఉంటే ప్రతిసారీ చేత్తో కొట్టాలి. చేత్తో కొట్టిన రోజునే ఒకరి బిల్లు ఇంకొకరికి వెళ్తుంది. కొత్త ఉద్యోగంలో మొదటి వారం ఏం చెయ్యాలని అడిగితే నేను చెప్పేది ఇదే: పార్టీల ఐడీలన్నీ ఒక కాగితం మీదికి తీసి, ఫోన్ చేసి సరిచూసి, లెడ్జర్లలో ఎక్కించండి. బోరు పనే. కానీ నెలాఖరున బాకీ స్టేట్‌మెంట్లు పంపేటప్పుడు ఆ వారం కష్టం ఒక పూటలో తిరిగొస్తుంది. మేత వ్యాపారం సగం అరువు మీదే నడుస్తుంది కాబట్టి డీలర్ కళ్లకు బిల్లు కన్నా ఆ స్టేట్‌మెంటే విలువైనది.

మెయిల్ వెళ్లడం ఒక ఎత్తు, అందులో వెళ్లే కాగితం ఇంకో ఎత్తు. మీరు వెళ్లిన కొట్టునే తీసుకోండి. రొయ్యల మేత, చేపల మేత మీద జీఎస్టీ లేదు. జీఎస్టీ లేని సరుక్కి ఇచ్చేది ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు, ‘బిల్ ఆఫ్ సప్లై’. అదే డీలర్ ఏరేటర్ (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) కూడా అమ్మితే దాని మీద పన్ను ఉంటుంది, దానికి ట్యాక్స్ ఇన్‌వాయిస్ కావాలి. కొనేది జీఎస్టీ నంబరు లేని రైతు అయితే జీఎస్టీ 46ఎ నిబంధన ప్రకారం రెండూ కలిపి ‘ఇన్‌వాయిస్ కమ్ బిల్ ఆఫ్ సప్లై’ అని ఒకే కాగితం ఇవ్వొచ్చు. నంబరున్న వ్యాపారికి ఆ వెసులుబాటు లేదు, విడివిడిగా ఇవ్వాలి. మెయిల్ చేసే ముందు ప్రివ్యూలో పైన శీర్షిక ఏముందో చూడండి. మేత బస్తాల బిల్లు మీద ‘ట్యాక్స్ ఇన్‌వాయిస్’ అని పోతే ఆడిటరు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది మీకే. శీర్షికతో పాటు ‘ఒరిజినల్ ఫర్ రెసిపియెంట్’ ఉందా అన్నదీ చూసుకోవాలి. సరుకు బిల్లుకు మూడు ప్రతులు: కొన్నవారికి ఒరిజినల్, లారీకి డూప్లికేట్, మనకు ట్రిప్లికేట్. మెయిల్లో వెళ్లేది మొదటిది.

బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదని నిబంధన. అడ్డగీత (-), ఏటవాలు గీత (/) వాడుకోవచ్చు. మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏటవాలు గీత, 25-26, మళ్లీ ఏటవాలు గీత, ఐదంకెలు పెడితే 15 అవుతాయి, సరిపోతుంది. కాకపోతే విండోస్‌లో ఫైలు పేరుకు ఏటవాలు గీత పనికిరాదు. అందుకని పీడీఎఫ్ సేవ్ చేసేటప్పుడు ఆ గీతల చోట అడ్డగీతలు పెట్టి, ముందు పార్టీ పేరు చేర్చండి. ‘బిల్’, ‘బిల్ 1’, ‘బిల్ 2’ అన్న పేర్లతో ఫైళ్లు అందుకున్న అకౌంటెంట్ మిమ్మల్ని ఏమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

టర్నోవర్ 2017-18 నుంచి ఏ సంవత్సరంలోనైనా 5 కోట్లు దాటిన వ్యాపారం అయితే, జీఎస్టీ నంబరున్న పార్టీకి ఇచ్చే పన్ను బిల్లుకు ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు) తప్పనిసరి. 2023 ఆగస్టు 1 నుంచి ఇదే లెక్క. పోర్టల్ నుంచి 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (బిల్లు గుర్తింపు నంబరు), క్యూఆర్ కోడ్ వచ్చాకే పీడీఎఫ్ పంపాలి. తొందరపడి అవి లేని కాపీ పంపేస్తే అది బిల్లుగా చెల్లదు. ఇక్కడ జరిగే పొరపాటు ఇంకోటుంది. మెయిల్ పంపాక ఎవరో రేటు తప్పని చూసి ట్యాలీలో ఓచర్ దిద్దేస్తారు. మన దగ్గర కొత్త మొత్తం, పార్టీ దగ్గర పాత పీడీఎఫ్, పోర్టల్‌లో పాత లెక్క. అలా కాదు. 24 గంటల్లోపైతే ఐఆర్‌ఎన్ రద్దు చేసి కొత్త నంబరుతో బిల్లు వెయ్యాలి, రద్దయిన నంబరు మళ్లీ పనికిరాదు. ఆ బిల్లు మీద ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చెయ్యాలి. గడువు దాటితే మొత్తం తగ్గించడానికి క్రెడిట్ నోటు, పెంచడానికి డెబిట్ నోటు. మీరు చూసిన మేత బిల్లులకు పన్ను లేదు కాబట్టి ఐఆర్‌ఎన్ అక్కర్లేదు. తాడేపల్లిగూడెంలోనో మండపేటలోనో రైస్ మిల్లుకు వెళ్తే ఏ బస్తాకు పన్ను ఉంది, దేనికి లేదు అన్నది మొదటిరోజే అడగాలి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు బియ్యానికి 2022 జులై 18 నుంచి 5 శాతం ఉంది.

మెయిల్ వెళ్లనప్పుడు వెతికే వరస కూడా రాసుకోండి. తెర మీద 535 అంకె కనబడితే అది లాగిన్ గొడవ, యాప్ పాస్‌వర్డ్ చూడండి. చాలాసేపు తిరిగి టైమవుట్ అంటే దారి మూసుకుంది. అప్పుడు సిస్టమ్‌ను మీ మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి మళ్లీ పంపండి. వెళ్లిందంటే ట్యాలీలో తప్పులేదు, ఆఫీసు నెట్‌లోనో రూటర్‌లోనో పోర్టు మూసి ఉంది. అప్పటికీ వెళ్లకపోతే యాంటీవైరస్ మెయిల్‌ను ఆపుతోందేమో చూడాలి. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ తప్పంటే కుడి మూల గడియారం వంక చూడండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయినట్టు. దాన్ని సీఆర్2032 అంటారు, ఏ ఎలక్ట్రికల్ కొట్లో అయినా దొరుకుతుంది. తేదీ వెనక్కి పోతే సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రానట్టు కనబడి సిస్టమ్ తలుపు వేసేస్తుంది. నెట్ బాగానే ఉందే అని రూటర్ చుట్టూ తిరిగేవాళ్లకు ఇది తట్టదు.

వెళ్లిందని చూపించి పార్టీకి చేరలేదంటే జీమెయిల్ తెరిచి ‘సెంట్’లో చూడండి. అక్కడ ఉందంటే ట్యాలీ పని అయిపోయింది. తర్వాత ఇన్‌బాక్స్‌లో మెయిలర్ డీమన్ పేరుతో తిరుగు టపా వచ్చిందేమో చూడాలి. 550 అంకె, అలాంటి చిరునామా లేదని ఉంటే లెడ్జర్‌లో ఐడీ తప్పు. రెండూ సరిగ్గా ఉంటే పార్టీని స్పామ్ ఫోల్డర్ చూడమనండి. స్కాన్ చేసిన సంతకం, లోగో బరువెక్కి పీడీఎఫ్ పెద్దదైనా ఇబ్బందే. జీమెయిల్ హద్దు 25 ఎంబీ, దారిలో ఫైలు మూడో వంతు ఉబ్బుతుంది కాబట్టి 18 దాటనివ్వకండి. అసలు ఒక బిల్లు అర ఎంబీ మించితేనే ఎందుకని అడగాలి. మామూలు జీమెయిల్ రోజుకు 500 మందికి మించి పంపనివ్వదు. మన కొట్లలో ఆ హద్దు తగిలేది నెలాఖరు స్టేట్‌మెంట్ల రోజున మాత్రమే.

సాధన ఇలా చెయ్యండి. ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం, తేదీలు 1, 2, 31 మాత్రమే తీసుకుంటుంది, నేర్చుకోవడానికి అంత చాలు. ఊహా పార్టీలు పది పెట్టి, బిల్ ఆఫ్ సప్లై నాలుగు, ట్యాక్స్ ఇన్‌వాయిస్ నాలుగు, క్రెడిట్ నోటు ఒకటి వేసి మీ రెండో ఐడీకి పంపండి. తర్వాత కావాలనే చెడగొట్టండి: పోర్టు మార్చండి, పాస్‌వర్డులో ఒక అక్షరం తీసెయ్యండి, సిస్టమ్ తేదీ రెండేళ్లు వెనక్కి తిప్పండి. ప్రతిసారీ తెర మీద ఏమొచ్చిందో ఒక నోటుబుక్కులో రాయండి. ఆ నాలుగు పేజీలు ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. సర్టిఫికెట్ ఫైలు కన్నా వాటినే ఎక్కువసేపు తిరగేస్తారు.

నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. ఆ కోర్సు డబ్బు దాచి, ఒక ఏడాది భీమవరంలోనో తణుకులోనో ఆడిటరు గారి ఆఫీసులో చేరడం మేలు. జీతం కొట్టు కన్నా తక్కువే ఉండొచ్చు. కానీ అక్కడ మేత డీలరు, మిల్లు, నరసాపురం లేసు ఎగుమతిదారు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారి, అందరి పుస్తకాలూ ఒకే బల్ల మీదికొస్తాయి.

ఎక్కడ చేరినా మీ సొంత జీమెయిల్‌ను ఆఫీసు ట్యాలీలో పెట్టనివ్వకండి. బిల్లులన్నీ మీ పేరు మీద తిరుగుతాయి, మానేశాక కూడా పార్టీలు మీకే జవాబులు పంపుతుంటారు. ఆఫీసుకు విడిగా ఐడీ తెరిపించి, సిస్టమ్‌కొక యాప్ పాస్‌వర్డ్ చొప్పున తీయించండి. మీరు మానే రోజున మీ సిస్టమ్ పేరున్నదాన్ని మీ ఎదుటే తొలగించమనండి. బ్యాంకు ఖాతా నంబరు మారిందంటూ మెయిల్ వస్తే ఎంత తెలిసిన పార్టీ అయినా పాత ఫోన్ నంబరుకు చేసి అడగనిదే లెడ్జర్‌లో మార్చకండి. బిల్లు పీడీఎఫ్‌లో ఖాతా నంబరు మార్చి పంపే మోసాలు ఆ దారినే వస్తాయి.

ఈసారి ఎవరైనా సిస్టమ్ ముందు కూర్చోబెడితే, ఏదైనా కొట్టే ముందు ఆ జీమెయిల్ ఏ ఫోన్‌కు కట్టి ఉందో అడగండి. టూ-స్టెప్ కోడ్ ఆ ఫోన్‌కే వస్తుంది. ఆ ఫోన్ ఓనర్ గారి అబ్బాయితో హైదరాబాద్‌లో ఉందంటే, ఆ రోజు ఎంత తెలిసినవాళ్లయినా ఆ పని చెయ్యలేరని చెప్పి, ఫోన్ వచ్చిన రోజున పది నిమిషాల్లో చేసిస్తానని చెప్పి రండి.