శ్రీకాకుళం గైడులో ఏవి ఉంచాం, ఏవి పక్కన పెట్టాం

మా ప్రాంతానికి కొందరం కలిసి యాత్రికుల గైడు రాస్తున్నాం, ఏ ఊరు ఉండాలి, ఏది అక్కర్లేదు అన్న దగ్గరే తగాదాలు వస్తున్నాయి, ఎలా తేల్చుకోవాలి అని అడిగారు. శ్రీకాకుళం ప్రాంతానికి అటువంటి గైడు రాసిన బృందంలో నేనూ ఉన్నాను కనుక చెబుతున్నాను. ఏ ప్రదేశం గొప్పది అన్న చర్చను అసలు మొదలుపెట్టకండి. తన ఊరి గుడి గొప్పది కాదని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవలసిన పనీ లేదు. కొత్తమనిషి మీరు రాసిన నాలుగు వాక్యాలు చదివి అక్కడికి చేరగలడా, వెళ్లిన వేళకు చూడడానికి ఏమైనా ఉంటుందా, చీకటిపడేలోగా తిరిగి రాగలడా అన్నవి మాత్రం అడగండి. వీటికి జవాబు రాయలేని చోటు ఎంత ప్రసిద్ధమైనదైనా సరే, రాయగలిగేదాకా గైడులోకి రానివ్వకండి.

మా బృందంలో విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఒకరు ఉండేవారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమనీ, మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాల శిల్పమనీ శ్రీముఖలింగం గురించి ఆయన రాసిన వ్యాసం చదువుతుంటే కడుపు నిండేది. కానీ వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊరికి బస్సు ఎక్కడ ఎక్కాలో అందులో ఒక్క ముక్క లేదు. ‘పట్నంలో ఎవరినడిగినా చెబుతారు’ అనేవారాయన. వాదించి లాభం లేదనిపించి, ఉత్తరాంధ్ర ముఖం ఎన్నడూ చూడని మా బావమరిదిని అనంతపురం నుంచి రప్పించాను. రాతప్రతి ముందే పంపి, దాన్ని తప్ప దేన్నీ నమ్ముకోకుండా తిరగమన్నాను.

చిక్కు రైలు దిగగానే మొదలైంది. శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు చూసి, పట్నం స్టేషన్ బయటే ఉంటుందనుకుని, సంచి భుజాన వేసుకుని నడక సాగించాడట. ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. పట్నం అక్కడికి సుమారు 13 కిలోమీటర్లు. ఆ సంగతి రాయాలని నేనంటే, ‘అది తెలియనివారెవరు?’ అని మావాళ్లు కొట్టేశారు. అరసవల్లిలో దర్శనం బాగానే జరిగింది. అయితే సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే దృశ్యం గురించి పేజీ నిండా రాసిన మా రాతప్రతిలో, అది మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు మాత్రమే, అదీ మబ్బు పట్టకపోతేనే కనబడుతుందన్న మాట లేదు. అతడు వచ్చింది డిసెంబరులో. అక్కడినుంచి శ్రీకూర్మం చేరేసరికి మిట్టమధ్యాహ్నమై, గుడి తలుపులు మూసి ఉన్నాయి. కూర్మావతారానికి ఇంత పేరున్న ఆలయం మరొకటి లేదనీ, స్వామి పడమటి ముఖంగా ఉంటాడనీ, రెండు ధ్వజస్తంభాలు ఉన్నాయనీ మేము రాసినదంతా బయట అరుగు మీద కూర్చుని తలుపులు తీసేదాకా మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. రాత్రి ఇంటికి వచ్చి, మాస్టారు ఎదురుగా ఉండగానే, ‘బావా, మీ పుస్తకం చదవడానికి బాగుంది, తిరగడానికి పనికిరాదు’ అన్నాడు. మాస్టారు అప్పుడేమీ మాట్లాడలేదు. తరువాతి సమావేశానికి మాత్రం ప్రతి పేరా పక్కన దారి, వేళ, కాలం అని గళ్లు గీసుకుని వచ్చారు.

వాటిలో కాలం గడిని ఎవరూ లెక్కచేయరు, నా దృష్టిలో అదే ముఖ్యం. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతకాలం కోసం వస్తాయి. ఊరివారు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి. రెండింటినీ పక్షుల ఊళ్లు అని ఒకే వరుసలో రాసి వదిలేస్తే, మే నెలలో తేలినీలాపురం వెళ్లిన కుటుంబం ఖాళీ చెట్లు చూసి తిరిగి రావలసిందే.

ఇక పొగడ్తల విషయం. చలివేసే ప్రతి కొండనూ ఆంధ్రా ఊటీ అనో ఆంధ్రా కాశ్మీరం అనో రాసేవారిని, బంధువుల లాడ్జీని ‘ఇంటి వాతావరణం’ అంటూ మెచ్చుకునేవారిని మొదటే ఆపండి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట నీటిలోకి దిగవద్దన్న హెచ్చరికను దీపస్తంభం ఫోటో పక్కనే పెట్టమంటే, అందం చెడుతుందని ఒక కుర్రవాడు అలిగాడు. అలిగినా పెట్టాం. ఆ దాపునే ఉన్న శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండను 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చారన్న వాక్యం ఉంచాం, తాగునీరు వెంట తీసుకువెళ్లమన్న వాక్యం దానికంటే ముందు పెట్టాం.

ప్రాంతం హద్దుల దగ్గర కూడా పట్టుదలలు వస్తాయి. 2022 ఏప్రిల్ 4న పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి కనుక తీసేయాలని కొందరన్నారు. కలెక్టరు కచేరీ ఎక్కడుందన్నది యాత్రికుడికి అనవసరం. శ్రీకాకుళంలో బస చేసి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగిన చోట్లన్నీ ఉంచాం.

ఇప్పటికీ తేలనిది పొందూరు. రైలు మార్గం మీదే ఉంది, ఏడాది పొడవునా వెళ్లవచ్చు, కనుక నేను చెప్పిన పరీక్షలన్నీ నెగ్గుతుంది. కానీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చరఖా మీద సన్ననూలు వడికే ఆడవాళ్లు ఆ పని చేసేది తమ ఇళ్లలో. ఖాదీ దుకాణం వరకు రాసి ఆపుదామంటాను నేను, వీధి పేరు కూడా ఇద్దామంటారు మాస్టారు. వడికేవారినే అడిగి రమ్మని ఇద్దరిని పంపాం. వారి జవాబు వచ్చాకే ఆ పేరా పూర్తిచేస్తాం.