మాయా కప్పు అంచు రాతలో 'కకావ్' ఎక్కడుంది?

మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా ప్రజల కప్పు మీది రాతలో 'కకావ్' (కోకో, అంటే చాక్లెట్ గింజ) అనే మాట దొరకలేదని అడిగారు. మీరు ఫొటో ఎడమ చివర నుంచి చదివారు, అందుకే దొరకలేదు. కప్పు గుండ్రం. చుట్టూ తిప్పి తీసిన ఫొటోని కోసిన చోటే వాక్యం మొదలవ్వాలని లేదు.

1. ముందు ఆరంభ చిహ్నం పట్టుకోండి. అందరూ వదిలేసేది ఇదే. అచ్చయిన వేరే కప్పుల రాతలు రెండు మూడు పక్కన పెట్టుకుంటే, దాదాపు ప్రతిదాంట్లో మొదట వచ్చే గుర్తు అదే కాబట్టి కంటికి ఆనుతుంది.
2. అక్కణ్ణుంచి కుడికి ఒక్కో గడీ. రాతిఫలకాల మీదలా రెండేసి నిలువు వరుసలు కలపకండి.
3. 'యుకిబ్' (ఆయన తాగే పాత్ర) దాటాక చేప బొమ్మ వెతకండి. చేపంటే 'క'. పక్కన రెండు చుక్కలుంటే 'క' రెండుసార్లు. చివర 'వ'.

చేప కనపడకపోతే దువ్వెనలాంటి గుర్తు చూడండి, అదీ 'క'యే. రాత చివర్లో ఉండేది మామూలుగా యజమాని పేరు.